లాంతరు, ఒకటి, పాతది

మొన్న మా మనవరాలు హాల్లో చాప వేసుకుని గోళ్ల రంగు తుడుచుకుంటోంది. పక్కన చిన్న సీసా, కాస్త దూది. పేపరు చదువుకుంటున్నవాణ్ని లేచి నిలబడ్డాను. "ఏంటి తాతయ్యా, వాసన పడట్లేదా? కిటికీ తీయనా?" అంది. వద్దన్నాను. ఆ సీసా మూత కాసేపు పెట్టొద్దని కూడా అన్నాను. నా వంక వింతగా చూసి మళ్లీ తన పనిలో పడింది.

అది అసిటోన్ వాసన. ఇరవై ఏళ్లకు పైగా నా చొక్కాలన్నీ అదే వాసన వేసేవి. ఒక ప్రాంతీయ చరిత్ర మ్యూజియంలో, వెనక గదిలో, కిటికీ కింద బల్ల దగ్గర నా ఉద్యోగం చాలా మటుకు గడిచిపోయింది. ముందు హాల్లో షోకేసులు, లేబుళ్లు, జనం. వెనక మేము. జనం ఇళ్లలోంచి తెచ్చి ఇచ్చిన ప్రతి వస్తువూ ముందు ఆ బల్ల మీదికి వచ్చి, ఒంటి మీద నంబరు వేయించుకున్నాకే లోపల అలమారాకి చేరేది.

నంబరు వేయడం చూసేవాళ్లకి చిన్న పనే. వస్తువుని రెండు చేతులతో తిప్పి చూసి, పైకి కనపడకుండా, అలాగని వెతుక్కోనక్కర్లేకుండా ఉండే చోటు చూసుకోవాలి. అక్కడ బియ్యపుగింజంత వెడల్పున పారదర్శకంగా ఒక పూత వేస్తాం. అది ఆరాక సన్నని పాళీతో నల్ల సిరా నంబరు, దాని మీద ఇంకో పూత. రేపెప్పుడైనా నంబరు తీసేయాల్సి వస్తే అసిటోన్‌లో తడిపిన దూదితో తుడిస్తే చాలు, వస్తువుకి మచ్చ పడదు. ఇప్పుడు దీనికి పారాలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్ వాడతారు, ఏళ్లు గడిచినా పచ్చబడదు. నేను చేరిన కొత్తలో మాకు దాని పేరు కూడా తెలియదు. బజార్లో దొరికే రంగులేని నెయిల్ పాలిష్ వాడేవాళ్లం.

ఆ బిల్లు పెట్టినప్పుడల్లా అకౌంట్స్‌లో నవ్వులే. "నెయిల్ పాలిష్, ఆరు సీసాలు" అన్న వోచరు చూసి ఆడిట్‌కి వచ్చినాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఎవరి గోళ్లకండీ?" అని అడిగారు. మా పెద్దాయన తొణక్కుండా, "మా దగ్గర నాలుగువేల చిల్లర వస్తువులున్నాయండీ, అన్నిటికీ సరిపోవాలి కదా" అన్నారు. బిల్లు పాసయింది.

నెయిల్ పాలిష్‌తో ఉన్న చిక్కేమిటో మాకు చాలా ఏళ్లకు గానీ తెలిసిరాలేదు. కొన్నాళ్లకి అది పచ్చబడుతుంది, పెళుసెక్కుతుంది, పొరలుగా లేచిపోతుంది. లేచిపోతూ నంబరుని కూడా తీసుకుపోతుంది. ఆ కథ చివర్లో చెబుతాను, అది నా మెడకే చుట్టుకుంది కాబట్టి.

* * *

పెద్దాయన అంటున్నది మా రిజిస్ట్రార్ గారిని. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. జేబులో పెన్ను ఉండేది కాదు. స్టోరులోకి పెన్ను తేవడం నిషేధం, పెన్సిలే. ఉంగరం, వాచీ కూడా తీసి బయట పెట్టించేవారు. చేరిన రోజు ఆయన నాకు నేర్పిన మొదటి మాట: "పిడి పట్టుకుని దేన్నీ ఎత్తకు."

ఎందుకో చెప్పారు. కూజా అయినా, గంట అయినా, పెట్టె అయినా, వందేళ్లు అందరూ దాన్ని పిడి పట్టుకునే ఎత్తారు. అంటే అన్నిటికన్నా అలిసిపోయింది పిడే. అతుకు అక్కడే వదులవుతుంది. ఎప్పుడో ఊడితే ఎవరో లక్కతోనో జిగురుతోనో అంటించి ఉంటారు, అది మనకి తెలియదు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. నడిచేటప్పుడు మాట్లాడకూడదు. ముందు ఎక్కడ పెట్టాలో చోటు చూసుకుని అప్పుడు ఎత్తాలి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో నీళ్ల జగ్గుని కూడా చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతానని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆయన ప్రాణం మాత్రం యాక్సెషన్ రిజిస్టరు, అంటే మ్యూజియంలో చేరిన ప్రతి వస్తువునీ ఎక్కించే పుస్తకం. పెద్ద బైండు పుస్తకం, తెరిస్తే బల్లంతా ఆక్రమించేది. నంబర్లో మూడు ముక్కలుంటాయి. 1962.8.3 అంటే 1962లో ఎనిమిదో విడతగా వచ్చినవాటిలో మూడో వస్తువు. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇంకోదానికి ఇవ్వరు. వస్తువు పోయినా, విరిగినా, దాని నంబరు దానిదే. రబ్బరుతో చెరపడం లేదు, బ్లేడుతో గీకడం లేదు. తప్పు రాస్తే ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టి, కింది మాట చదవడానికి వీలుగా వదిలి, పక్కన సంతకం, తేదీ. రాసింది మొత్తం ఇంకో ప్రతిగా ఎత్తి వేరే భవనంలో దాచేవాళ్లం, ఒకచోట నిప్పంటుకున్నా రెండోది మిగలాలని.

సిరా కూడా మామూలుది కాదు. ఇనుపలవణం, మాచికాయల కషాయం కలిపి చేసే పాతకాలపు రకం. రాసేటప్పుడు నీళ్లలా పలచగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. పొద్దున రాసిన వరస సాయంత్రం వెళ్లేముందు చూస్తే ముదిరి ఉండేది. ఎవరూ చూడకుండా పుస్తకం తెరిచి అది చూసుకోవడం నాకు సరదా.

"వివరణ" అన్న గడి దగ్గర మాత్రం ఆయనతో పడలేకపోయేవాణ్ని. నేను "ఇత్తడి గంట, చిన్నది" అని రాస్తే, "ఇది దొంగలెత్తుకుపోతే నీ మాట చదివి పోలీసులు దీన్ని పట్టుకోగలరా?" అనేవారు. ఎత్తెంత, చుట్టుకొలతెంత, సొట్ట ఎక్కడుంది, నాలుక అసలుదా మార్చిందా, ఏమైనా చెక్కారా, అన్నీ రాయాలి. 1997లో 'ఆబ్జెక్ట్ ఐడీ' అని అంతర్జాతీయంగా ఒక పద్ధతి వచ్చింది, దొంగతనం జరిగితే వస్తువుని గుర్తుపట్టేందుకు ఏమేం రాసుకోవాలో చెబుతుంది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను. పేరు పెట్టలేదు గానీ, మా పెద్దాయన ఏళ్ల తరబడి మా ప్రాణాలు తోడింది దీనికే.

ఆయన సెలవులో ఉన్న వారాలు కొన్ని ఉండేవి. ఆడిట్ దగ్గరపడి, నంబర్లు పడని పెట్టెలు గుట్టలుగా ఉండి, నేను గంటకి ముప్ఫై చొప్పున ఎక్కించేసిన రోజులు కూడా ఉన్నాయి.

* * *

స్టోరు గది శబ్దం ఏమిటని అడిగితే గడియారపు టిక్కుటిక్కు అంటాను. అది గడియారం కాదు, థర్మోహైగ్రోగ్రాఫ్. మా వాళ్లు 'జుట్టు మిషన్' అనేవాళ్లు. నిజంగానే దాన్లో మనుషుల వెంట్రుకల కట్ట ఒకటి బిగించి ఉంటుంది. గాల్లో తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే కురచబడుతుంది. ఆ కాస్త కదలికనే ఒక మీట పెద్దది చేసి పాళీకి అందిస్తుంది. వెంట్రుకతో తేమ కొలవొచ్చని జెనీవాకు చెందిన సొస్యూర్ 1783లోనే పుస్తకం రాశాడు. రెండువందల ఏళ్ల తర్వాత మా స్టోరులో అదే కిటుకు పనిచేస్తోంది.

సోమవారం పొద్దున నా మొదటి పని దాని చార్టు మార్చడం. డ్రమ్ముకి చుట్టిన గళ్ల కాగితం విప్పి, కొత్తది చుట్టి, క్లిప్పు పెట్టి, కీ తిప్పి, పాళీలో ఊదా సిరా చుక్క వేయాలి. పైగీత వేడి, కిందిగీత తేమ. వారం మొత్తం ఆ కాగితం మీద కనపడేది. బడిపిల్లలు బస్సుల్లో దిగిన రోజు గీత లేచేది. వాన పడి అందరూ తడి గొడుగులతో వచ్చిన రోజు ఇంకా లేచేది. తేమ ఎక్కువైనా తక్కువైనా చెక్క కొంత తట్టుకుంటుంది గానీ, పూటపూటకీ మారితే తట్టుకోలేదు. ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, చివరికి పగులుతుంది. అందుకని గీత తిన్నగా పోతే మా మనసు నిమ్మళం.

ఒకసారి రాత్రి పదకొండు దాటాక గీత మెల్లగా లేవడం, తెల్లారేసరికి దిగిపోవడం మొదలైంది. వారంలో మూడు రాత్రులు. వానల్లేవు. పైకప్పు చూపించాం, గోడల్లో పైపులు చూపించాం. క్యూరేటర్ గారికి టెన్షన్. చివరికి ఒక రాత్రి నేను ఆగిపోయాను. పదకొండున్నరకి వాచ్‌మన్ ఉతికిన యూనిఫారం పిండుకుంటూ వచ్చి, స్టోరు తలుపు తీసి, ఫ్యాను వేసి, ఖాళీ ర్యాకు మీద ఆరేసుకున్నాడు. ఒక్కటే జత ఉందట. బయట ఆరేస్తే మంచు పడుతుందట. క్యూరేటర్ గారు తిడతారనుకున్నాను. వెనక వరండాలో తాడు కట్టించి, ఇంకో జత ఇప్పించారు. ఆ వారం చార్టు మీద పెన్సిల్‌తో 'వాచ్‌మన్ చొక్కా' అని రాసి ఫైల్లో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉండాలి.

తర్వాత అగ్గిపెట్టెంత డేటా లాగర్లు వచ్చాయి. నిమిషనిమిషానికీ లెక్క రాస్తాయి, చప్పుడు చేయవు. అవి మంచివే, కాదనను. కానీ మొదటి నెలంతా స్టోరులోకి అడుగుపెట్టగానే ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయినట్టు ఉండేది.

* * *

సందర్శకులు గ్యాలరీలోకి రాగానే గట్టిగా ఊపిరి పీల్చి, "ఆహా, చరిత్ర వాసన" అనేవాళ్లు. అది చరిత్ర కాదండీ, కలరా ఉండలు అని చెప్పలేక ఊరుకునేవాణ్ని. పాత బట్టల పెట్టెల్లో, పుస్తకాల అరల్లో నాఫ్తలీన్ ఉండలు చేటలతో పోసిన కాలం అది. అంతకు ముందు కాలంలో జంతువుల చర్మాలకి పాషాణమే పూసేవాళ్లు, అందుకే గడ్డి కూరిన పాత బొమ్మల్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఇంకో పని. పురుగుల్ని చంపుతూ మనల్ని మనం చంపుకుంటున్నామని తెలిసొచ్చాక పద్ధతులు మారాయి.

మారిన పద్ధతి ఫ్రీజరు. పురుగు పట్టిన ఉన్ని బట్టని పాలిథిన్‌లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర వారానికి పైగా ఉంచుతాం. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. లేకపోతే చల్లటి బట్ట మీద తేమ చుక్కలు కట్టి, పురుగు చేయని పాడు మనం చేసినట్టవుతుంది. మా ఫ్రీజర్లో ఒకసారి పాత నీలం కోటు పదిరోజులు పడుకుంది. కరెంటు పనికి వచ్చినాయన మూత తీసి, అందులో మడతపెట్టిన చేతులు చూసి, మాటపడిపోయి నిలబడ్డాడు.

ఆ కోటు గురించి చెప్పాలి. అది ఒక తపాలా ఉద్యోగిది. నిజానికి నీలం కోటు అని రిజిస్టరు చెబుతుంది, చూస్తే బూడిద రంగే. ఏళ్ల తరబడి కిటికీ ఎదురు షోకేసులో వేలాడింది. బడిపిల్లలు వస్తే వాళ్లని చుట్టూ నిలబెట్టి, రంగేమిటో చెప్పమనేవాణ్ని. బూడిద, మట్టి, ఏనుగు అని అరిచేవాళ్లు. అప్పుడు కాలరు కొంచెం ఎత్తేవాణ్ని. దాని కింద, ఎండ ఎప్పుడూ తగలని చోట, నెమలికంఠంలాంటి నీలం. గదంతా "హా" అనేది. పోయిన రంగు చీకట్లో పెడితే తిరిగొస్తుందా అని ఒక పిల్ల అడిగింది. రాదమ్మా అన్నాను. వెలుతురు చేసే నష్టం లెక్కలో కూడుతూనే పోతుంది, తీసివేత లేదు. లక్స్ అంటే వెలుతురు కొలత, బట్టలకీ కాగితాలకీ 50 లక్సులు దాటనివ్వకపోవడం అందుకే. పెద్దవాళ్లు మాత్రం ఫిర్యాదు పుస్తకంలో "లైట్లు సరిగా లేవు, కరెంటు ఆదా చేస్తున్నారు" అని రాసిపోయేవాళ్లు.

* * *

వస్తువులు తెచ్చేవాళ్లు చాలా రకాలు. పాత పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని, రిక్షా దిగకుండానే "తీసుకుంటారా?" అని అడిగేవాళ్లు. ఇల్లు అమ్మేస్తూ, పారేయడానికి మనసొప్పక తెచ్చేవాళ్లు. తండ్రి పోయిన నెలకి ఒక కొడుకు వచ్చాడు, కళ్లజోడు పెట్టె ఇచ్చి ఏమీ మాట్లాడకుండా రసీదు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకరు ముప్పావుగంట కథ చెబుతారు. మనం రాసుకున్నంతే మిగులుతుంది ఆ కథలో. తాత్కాలిక రసీదు వెనక పెన్సిల్‌తో గబగబా గిలికేవాణ్ని. అన్నీ గిలకలేదు.

కాదనడం కష్టమైన పని. మా దగ్గర కుట్టుమిషన్లు అప్పటికే చాలా ఉన్నాయి. ఒకావిడ తన తల్లి మిషన్ తెచ్చింది. మాకు చోటు లేదని చెబితే, "చోటు మిషన్‌కి కాదు బాబూ, మా అమ్మకి అడుగుతున్నా" అంది. క్యూరేటర్ గారు ఫైలు చూస్తున్నట్టు తల దించుకున్నారు. తీసుకోలేదు. తీసుకుని ఉండాల్సిందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఇచ్చినవాళ్లకి ఇంకో బాధ. వస్తువు ముందు హాల్లో ఉంటుందనుకుంటారు. ఏ మ్యూజియంలోనైనా బయట కనపడేది కొంతే, స్టోరులో ఉండేదే ఎక్కువ. సెలవులకి చుట్టాలని వెంటబెట్టుకొచ్చి గ్యాలరీ మొత్తం రెండుసార్లు తిరిగి, మొహం చిన్నబుచ్చుకుని నా బల్ల దగ్గరికొచ్చేవాళ్లు.

* * *

అలా వచ్చినావిడే ఆమె. ఆ రోజు మే 18, అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి చాలా దేశాల్లో జరుపుతున్నారు. ఆ రోజు మా దగ్గర టికెట్ ఉండేది కాదు, జనం బాగా వచ్చేవాళ్లు. అప్పటికి పెద్దాయన రిటైరై, ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆమెకి డెబ్బై దాటి ఉంటాయి. మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"మా నాన్న లాంతరు మీకిచ్చారు బాబూ, మా అన్నయ్య. ఒక్కసారి చూసిపోదామని."

ఆమె తండ్రి రేవులో పడవ నడిపేవాడట. రాత్రి ఆఖరి పడవ కట్టేసి, లాంతరు పట్టుకుని గట్టు వెంట ఇంటికొచ్చేవాడట. పేరు చెబితే రిజిస్టరు తీశాను. దొరికింది. వివరణ గడిలో ఉన్న మాటలు ఇవి: "లాంతరు, ఒకటి, పాతది." దస్తూరీ నాదే.

అలమారా దగ్గరికి వెళ్లాను. ఒకే కంపెనీ రకం లాంతర్లు మూడున్నాయి. మూడూ తుప్పుపట్టినవే. అడుగున నంబరుండాల్సిన చోట ఒకదానికి పచ్చటి పొర ముక్క మిగిలింది, దాని మీద సున్నానో ఆరో తెలియని ఒక గీత. మిగతా రెండింటికి అదీ లేదు. తుప్పు మీద నెయిల్ పాలిష్ పూస్తే తుప్పు పొరే లేచిపోతుంది, నంబరుతో సహా. అలాంటివాటికి నూలు టేపు మీద రాసి కట్టాలి. అది కూడా నాకు పెద్దాయన చెప్పిందే. రిజిస్టరులో వెతికితే మిగతా రెండూ నా రాతే, "లాంతరు, ఒకటి, పాతది", "లాంతరు, ఒకటి, తుప్పు."

మూడింటినీ ట్రేలో పెట్టి తెచ్చి బల్ల మీద దింపాను. ఆమె చూసి, "మూడూ మావేనా?" అంది.

"కాదమ్మా. ఒకటే మీది. ఏదో మాకు... నాకు తెలియట్లేదు. తప్పు నాదే."

ఆమె ఏమీ అనలేదు. మనవడు మాత్రం, "ఇంత పెద్ద మ్యూజియంలో రాసిపెట్టుకోరా అండీ?" అన్నాడు. నిజమే అన్నాను.

ఆమె మొదటి లాంతరు గాజు దగ్గర వేలు పెట్టింది, వత్తి పెంచే మర తిప్పబోయింది, అది బిగుసుకుపోయింది. పక్కకి జరిపింది. తర్వాత, నేను గ్లౌజులు అందించేలోపే, రెండోదాన్ని తీగపిడి పట్టుకుని ఎత్తేసింది. నా నోట్లోకి మాట వచ్చింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకీ పెద్దలకీ మంత్రులకీ కూడా చెప్పిన మాట. అనలేదు. ఆమె లాంతరుని పక్కకి వేలాడేసి, బల్లకీ కిటికీకీ మధ్య నాలుగడుగులు నడిచింది. పిడి ఒంపు దగ్గర కిర్రు, కిర్రు మంది. అడుగుకొకటి.

మూడోదాన్ని కూడా అలాగే పట్టుకుని నడిచింది. అది చప్పుడు చేయలేదు. మొదటిది మళ్లీ పట్టుకుంది. అదీ అంది, కానీ వేరేలా, గరగరమని.

"ఇదే," అని రెండోదాని మీద చెయ్యి వేసింది. "నాన్న కనపడకముందు ఇది వినపడేది. అమ్మ అప్పుడు లేచేది."

ఇన్నేళ్ల తుప్పులో ఏ పిడి చప్పుడైనా మారిపోవచ్చని నాకు తెలుసు. అది ఆమెకి చెప్పలేదు. కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మనవడు ఫోటో తీశాడు. వెళ్లేటప్పుడు నా చేతికిస్తూ, "జాగ్రత్త బాబూ" అంది.

ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచి, నా పాత వరస మీద ఎర్ర గీత కొట్టాను. ఎత్తు, వెడల్పు, అడుగున సొట్ట, గాజు మీద పగులు, పిడి కుడివైపు ఒంపు దగ్గర అరుగుదల, అన్నీ కొలిచి రాశాను. చివర్న: "దాత చెల్లెలు పిడి శబ్దాన్ని బట్టి గుర్తించారు. వేరే ఆధారం లేదు." క్యూరేటర్ గారు చదివి, "శబ్దం ఏమిటయ్యా, రిజిస్టరులో?" అన్నారు. ఉండనివ్వండి సార్ అన్నాను. కొంచెంసేపు చూసి సంతకం పెట్టారు.

మిగతా రెండింటికీ నంబరు ఇదని ఇప్పటికీ తేలలేదు. ఆమె లాంతరుకి నూలు టేపు మీద నంబరు రాసి కట్టాను. మామూలుగా పిడికి కడతాం. నేను పక్క గొట్టానికి కట్టాను, పిడి ఆడటానికి అడ్డం రాకుండా.